ఇంటి వెనక కొండకు ఇనుప వల వెయ్యాలా, చెట్లు నాటాలా?

#1 కొండకింద_ఇల్లు

మా ఇల్లు విజయవాడలో కొండను ఆనుకుని ఉంది. తాతగారి కాలంలో వాలు తవ్వి చదును చేసిన జాగా. వెనక గోడకూ కొండకూ మధ్య రెండున్నర మీటర్ల సందు. ఆ సందు దాటగానే ఇంచుమించు నిట్టనిలువుగా ఇరవై మీటర్ల రాతి ముఖం, దాని పైన పొదలు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయినప్పటి నుంచి వాన రాత్రి మా వీధిలో ఎవరికీ నిద్ర లేదు. మా అమ్మ వెనక గదిలో పడుకోవడం మానేసింది. పోయిన నెల కొబ్బరికాయంత రాయి ఒకటి వచ్చి నీళ్ళ ట్యాంకు పగలగొట్టింది.

ఏడు ఇళ్లవాళ్ళం డబ్బు వేసుకుని ఏదో ఒకటి చేయించుకోవాలని అనుకున్నాం. ఒక కాంట్రాక్టరు వచ్చి పది నిమిషాలు చూసి, పై నుంచి కింది దాకా వల కప్పేస్తే ఇరవై ఏళ్ళు మళ్ళీ చూడక్కర్లేదని చెప్పాడు. నమూనా అని చూపించిన వల, ఖాళీ స్థలాలకు వేసే కంచె వలలాగే ఉంది. పక్కింటి మాష్టారేమో వల దండగ, రావి, వేప నాటితే వేళ్ళే కొండను పట్టుకుంటాయని అంటున్నారు. ఎవరి మాట వినాలి?

#2 గుండ్లకమ్మ

మాష్టారి మాటే. ఇనుము తుప్పు పడుతుంది, చెట్టు పెరుగుతుంది. కొండను బోడి చేసిందీ మనమే, ఇప్పుడు దానికి ఇనుప చొక్కా తొడుగుతామంటున్నదీ మనమే.

#3 సర్వే_గొలుసు

వాలుల పనిలో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను. ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టి మూడు సంగతులు చెప్పండి. ఊడిపడేలా ఉన్న రాళ్ళలో అన్నిటికంటే పెద్దది ఎంత ఉంటుంది? పగుళ్ళు మీ ఇంటి వైపు వాలి ఉన్నాయా, కొండ లోపలికి వాలి ఉన్నాయా? వాన పడినప్పుడు పైనున్న నీళ్ళు ఎటు పోతున్నాయి? ఇవి తెలుసుకోకుండా వల వెయ్యడం నాడి చూడకుండా మందు ఇవ్వడమే.

ఆ కంచె వల గురించి మాత్రం ఇప్పుడే చెప్పగలను. వద్దు. చైన్ లింక్ వలలో తీగలు ఒకదానిలో ఒకటి కొక్కెంలా తగులుకుని ఉంటాయి, అంతే. ఒక్క తీగ తెగితే అల్లిన స్వెటర్ ఊడినట్టు వరసంతా విడిపోతుంది. కొండలకు వాడేది రెండు మెలికల షట్కోణ వల. గడికీ గడికీ మధ్య రెండు తీగలు ఒకదాన్నొకటి రెండుసార్లు చుట్టుకుని ఉంటాయి కనుక ఒకచోట తెగినా చిరుగు అక్కడే ఆగుతుంది. మామూలుగా 2.7 మిల్లీమీటర్ల తీగ, 8 సెంటీమీటర్లకు 10 సెంటీమీటర్ల గడి, మీద జింకు, అల్యూమినియం కలిసిన పూత. దీనికి ఐఎస్ 16014 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆయన అంచనా కాగితంలో ఆ సంఖ్య ఎక్కడైనా కనబడిందా?

#4 జువ్వి_నీడ

#2తో ఒప్పుకోలేను. మా ఊరి గుడి ప్రాకారం గోడలో పిట్ట రెట్టతో పడిన రావి విత్తనం ఒకటి మొలిచింది. దేవుడి చెట్టు కదా అని ఎవరూ ముట్టుకోలేదు. మా నాన్న చిన్నప్పుడు వేలంత ఉండేదట. నేను హైస్కూలుకు వచ్చేసరికి గోడ రెండుగా చీలి, చెయ్యి దూర్చేంత సందు వచ్చింది. కట్టిన రాళ్ళను విడదీసిన వేరు కొండరాతి పగుళ్ళను మాత్రం ఎందుకు వదిలిపెడుతుంది?

#5 గుండ్లకమ్మ

@జువ్వి_నీడ అలా అయితే చెట్లున్న కొండలన్నీ ఈపాటికి కూలిపోయి ఉండాలి. శేషాచలం నిండా అడవే. నల్లమల నిండా అడవే.

#6 భూమిపొర

గుండ్లకమ్మ గారూ, శేషాచలంలో చెట్లు ఎక్కడ ఉన్నాయో ఈసారి వెళ్ళినప్పుడు గమనించండి. మట్టి పట్టిన వాలుల మీద దట్టంగా ఉంటాయి. క్వార్ట్‌జైటు అనే గట్టి ఎర్రరాయి గోడలా నిలబడిన అంచుల మీద పెద్ద చెట్టుకు చోటే ఉండదు. ఎక్కడో పగులులో ఒక జువ్వి, ఒక రావి. మట్టి వాలులో వేరు దారంలా కుట్టుకుంటూ పోతుంది. రాతి పగులులో అదే వేరు ఏటా కాస్త లావెక్కుతూ గునపం పని చేస్తుంది. గాలి వీచి చెట్టు ఊగినప్పుడల్లా ఆ గునపం కదులుతుంది కూడా.

విజయవాడ కొండలు మాత్రం క్వార్ట్‌జైటు కాదు. ఇంద్రకీలాద్రి, చుట్టుపక్కల కొండలన్నీ ఎక్కువ భాగం ఖొండలైటు. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద ఈ రాతికి ఆ పేరు వచ్చింది. శ్రీకాకుళం నుంచి కృష్ణా దాకా కనిపిస్తుంది. దీనితో చిక్కు ఏమిటంటే, అంతటా ఒకేలా చివకదు. ఒక పొర ఇనుములా ఉంటుంది, దాని కింది పొర గోటితో గీరితే రాలేంత మెత్తబడి ఉంటుంది. వానకు మెత్తటి పొర కరిగి జారిపోతుంది. పైనున్న గట్టి బండ కింద ఆధారం పోయి ముక్కులా ముందుకు పొడుచుకుని నిలబడుతుంది. చూసేవాళ్ళకు అది వందేళ్ళ నుంచి కదలని బండలాగే కనిపిస్తుంది.

2020 అక్టోబరు 21న, దసరా నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజున ఇంద్రకీలాద్రి మీద రాళ్ళు విరిగిపడ్డాయి. రోజుల తరబడి వాన నానిన కొండ అది.

#7 శేషాచలం_మలుపు

తిరుపతిలో కారు నడుపుతాను. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా. వాన తగ్గింది, ఇక ఫరవాలేదు అనుకున్నాక డిసెంబరు 1 ఉదయం రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు పడ్డాయి. రోడ్డు కోసుకుపోయింది, పిట్టగోడ ఎగిరిపోయింది. ఆ తరువాత చాలా రోజులు ఎక్కే వాహనాలను లింకు రోడ్డు మీదుగా పంపించారు. అప్పటి నుంచి నేను నేర్చుకున్నది ఇదే: వాన పడుతుండగా కంటే, వాన వెలిసి ఎండ కాసిన రెండు మూడు రోజుల్లో ఎక్కువ భయపడాలి.

#8 కేకే_లైను

#7 నూటికి నూరు పాళ్ళు నిజం. నీళ్ళు పగుళ్ళలోకి దిగడానికి సమయం పడుతుంది.

నేను కొత్తవలస–కిరండూల్ లైనులో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి దిగాను. 58 సొరంగాల లైను. ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి 1960లలో కొండలు చీల్చి వేశారు. చిమిడిపల్లి, బొర్రా గుహల మధ్య కటింగులు, అంటే కొండను కోసి పట్టాలు వేసిన చోట్లు, తెలిసినవాళ్ళకు తెలుసు, ఒక పక్క లోయ, ఒక పక్క గోడ. వానాకాలంలో గస్తీ తిరిగేవాళ్ళం. జారే కటింగుల దగ్గర రాత్రంతా ఒక మనిషి కాపలా. చేతిలో దీపం, జేబులో డిటొనేటర్లు, అంటే బండి చక్రం ఎక్కగానే పేలి డ్రైవరును హెచ్చరించే టపాకాయల్లాంటివి. రాయి పడిన చప్పుడు వినబడితే పరిగెత్తి పట్టాల మీద డిటొనేటర్లు పెట్టి బండిని ఆపాలి. నేను నా ఉద్యోగంలో రెండుసార్లు అలా పరిగెత్తాను.

కటింగులకు వలలు కట్టాక మా పని తగ్గుతుందనుకున్నాం. మారింది, తగ్గలేదు. వల వెనకగా రాలిన రాళ్ళన్నీ అడుగుకు చేరి సంచిలా ఉబ్బుతాయి. వాన తెరిపి ఇచ్చాక అడుగు విప్పి, రాళ్ళు తీసి, మళ్ళీ బిగించాలి. తీయకపోతే ఆ బరువంతా పైన ఉన్న ఉక్కు తాడు మీద పడుతుంది. ఇరవై ఏళ్ళు చూడక్కర్లేదని చెప్పినవాడు వల కట్టి ఉండవచ్చు కానీ కట్టిన వలను మళ్ళీ వెళ్ళి చూసినవాడు కాదు.

#9 నిద్రలేని_తాడేపల్లి

కేకే_లైను గారూ, ఆ రెండు పరుగులకూ వేరే దారం తెరవండి, చదవాలని ఉంది.

#10 కేకే_లైను

తప్పకుండా రాస్తాను. ముందు ఈ పిల్లవాడి ఇల్లు సంగతి తేల్చనివ్వండి.

#11 మడగావ్_బండి

కొంకణ్ రైల్వే సంగతి చెప్పకపోతే ఈ చర్చ సగమే. 2003 జూన్ 22 రాత్రి వైభవ్‌వాడి దగ్గర బండి జారిపడిన రాళ్ళకు గుద్దుకుని యాభై మందికి పైగా చనిపోయారు. ఏడాది తిరగకుండానే 2004 జూన్ 16న మత్స్యగంధ ఎక్స్‌ప్రెస్ వంతెన దగ్గర బండరాళ్ళకు తగిలి పట్టాలు తప్పింది. ఆ తరువాత వాళ్ళు ఒక్క వలతో సరిపెట్టుకోలేదు. వదులు రాళ్ళు దింపారు, వాలులు తగ్గించారు, రాతిలోకి పొడవాటి ఉక్కు మేకులు దింపారు, వలలు కట్టారు, మట్టి ఉన్నచోట వట్టివేరు నాటారు, కాలువలు తవ్వారు. ఇంత చేశాక కూడా ఏటా జూన్ నుంచి అక్టోబరు దాకా వానాకాలపు టైమ్‌టేబుల్ పెట్టి బండ్ల వేగం తగ్గిస్తారు. గోవాలో ఉద్యోగం కనుక ఆ ఆలస్యం నాకు ఏటా అనుభవమే. ఒకప్పుడు విసుక్కునేవాణ్ణి, ఇప్పుడు విసుక్కోను.

#12 కొండకింద_ఇల్లు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. #3కు సమాధానాలు: పెద్ద రాయి ఒకటి మా ఇంటికీ పక్కింటికీ మధ్య, పై అంచుకు దగ్గరగా ఉంది. బీరువాను అడ్డంగా పడుకోబెట్టినంత. దాని వెనక పగులులో చెయ్యి పడుతుందని ఒకసారి ఎక్కిన మా తమ్ముడు చెప్పాడు. మిగతావన్నీ ఫుట్‌బాలు నుంచి గ్యాస్ బండ దాకా. పగుళ్ళు ఎటు వాలాయో నాకు తెలియలేదు. నీళ్ళు ఎటు పోతాయో ఎప్పుడూ చూడలేదు. ఐఎస్ సంఖ్య కాగితంలో లేదు, "మంచి నాణ్యమైన వల" అని మాత్రమే రాసి ఉంది.

కింద సందులో బలమైన వల కంచెలా నిలబెట్టి రాయి వస్తే ఆపలేమా? ఇంటర్నెట్‌లో అలాంటి చిత్రాలు చూశాను.

#13 సర్వే_గొలుసు

మీ తమ్ముడిని మళ్ళీ ఎక్కవద్దని చెప్పండి. ఇది అన్నగా చెబుతున్న మాట.

లెక్క చూద్దాం. పడుకోబెట్టిన బీరువా అంటే ఇంచుమించు ఒక ఘనపు మీటరు, బరువు 2.6 టన్నుల ప్రాంతం. ఇరవై మీటర్ల ఎత్తు నుంచి పడితే నేలకు చేరేసరికి వేగం సెకనుకు 20 మీటర్లు, గంటకు 70 కిలోమీటర్ల పైమాట. శక్తి 500 కిలోజౌళ్ళు దాటుతుంది. పది టన్నుల లారీ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో మీ వెనక గోడను గుద్దడంతో సమానం.

మీరు చిత్రాల్లో చూసినవి రాళ్ళను అడ్డుకునే వల కంచెలు. 100 కిలోజౌళ్ళ నుంచి 8000 దాటిన వాటి దాకా ఉన్నాయి. 500 కిలోజౌళ్ళ రాయిని ఆపేవి దొరుకుతాయి. కానీ అవి గోడలా ఆపవు. క్రికెట్‌లో క్యాచ్ పట్టేవాడు చేతులు వెనక్కి లాక్కున్నట్టు వల కొన్ని మీటర్లు వెనక్కి సాగుతూ రాయి వేగాన్ని మింగుతుంది. మీ సందు రెండున్నర మీటర్లు. రాయిని పట్టుకున్న వల మీ వంటగదిలోకి వస్తుంది.

కనుక ఆ బీరువా రాయి వల పని కాదు. దాన్ని అక్కడే మేకులతో బిగించాలి, లేకపోతే పగలగొట్టి ముక్కలుగా కిందికి దింపాలి. పై నుంచి వేలాడే వల చిన్న రాళ్ళకు. అది రాయిని పట్టుకుని ఉంచదు, ఎగిరి దూకకుండా కొండకు ఒత్తి పట్టి నెమ్మదిగా అడుగుకు జారవిడుస్తుంది. అందుకే #8లో కేకే_లైను గారు సంచి గురించి అంతగా చెప్పారు.

#14 ఆల్ప్స్_తెలుగు

స్విట్జర్లాండ్‌లో ఉంటున్నాను, ఇలాంటి పనులకు నక్షాలు గీసే కార్యాలయంలో ఉద్యోగం. వాలెన్‌స్టాట్ అనే ఊరి దగ్గర పాత రాతి గనిలో క్రేనుతో కాంక్రీటు దిమ్మెలు ఎత్తి వలల మీదికి వదిలి పరీక్షిస్తారు. మొదటిసారి చూసినప్పుడు ఆ చప్పుడుకు నా గుండె ఆగినంత పనైంది. యూరప్ పద్ధతిలో పూర్తి శక్తితో ఒకసారి, అందులో మూడో వంతు శక్తితో వరసగా రెండుసార్లు కొట్టి చూస్తారు. రెండో దెబ్బ ఎందుకంటే కొండ మీద రాయి ఒక్కటే వచ్చి ఆగిపోదు.

చెట్ల పక్షం మాట్లాడేవారికీ ఒక మాట. ఇక్కడ ఆండర్‌మాట్ అనే ఊరి పైన ఒక అడవి ఉంది. దాన్ని ఎవరూ నరకకూడదని 1397లోనే కట్టుబాటు రాసుకున్నారు. మంచు చరియల నుంచి, రాళ్ళ నుంచి ఊరిని కాపాడేది అదే. అడవి రాళ్ళను ఆపగలదు. ఒక్కో మానుకూ తగులుతూ రాయి వేగం పోగొట్టుకుంటుంది. అయితే దానికి రాయికీ ఇంటికీ మధ్య పొడవైన అడవి వాలు కావాలి. కొండకింద_ఇల్లు గారికి ఇరవై మీటర్ల నిలువు గోడ, తరువాత వంటగది. చెట్టు అడ్డు నిలబడడానికి చోటే లేదు.

#15 గుండ్లకమ్మ

సరే, నిలువు గోడ మీద చెట్లు వద్దన్నది ఒప్పుకుంటున్నాను. #6, #14 చదివాక నా మొదటి మాట మార్చుకుంటున్నాను. కానీ పచ్చదనమే వద్దంటే మాత్రం ఒప్పుకోను. పై పొదలు తీసేసి, వల కప్పి, సిమెంటు చల్లి వెళ్ళిపోయిన కొండలు చూశాను. రెండేళ్ళకు ఆ సిమెంటు పెచ్చులుగా ఊడి అదే రాయిలా పడింది.

#16 సర్వే_గొలుసు

అందులో మీదే నిజం. సిమెంటు చల్లి నీళ్ళు బయటికి వచ్చే గొట్టాలు పెట్టకపోతే జరిగేది అదే.

#17 నారుమడి_అక్క

నేను చెప్పవలసిన చోటు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా నర్సరీ నడుపుతున్నాను, వాలులకు వట్టివేరు నారు ఇస్తాను.

తమ్ముడూ, నీ కొండను మూడు ముక్కలుగా చూడు. అన్నిటికంటే పైన, మట్టి ఉన్న వాలు. అక్కడ వాలుకు అడ్డంగా వరసలు వరసలుగా వట్టివేరు పెట్టు. పిలకకూ పిలకకూ జానెడు కంటే తక్కువ ఎడం, పది పదిహేను సెంటీమీటర్లు. దగ్గరగా పెడితేనే కంచెలా కలుస్తుంది, పారే నీటిలోని మట్టిని ఆపుతుంది. లోతు మట్టి దొరికితే వేరు మూడు మీటర్ల దాకా నిలువుగా దిగుతుంది, పక్కలకు పాకి గోడల జోలికి రాదు. నాటే రకం విత్తనంతో వ్యాపించి కలుపు కాదు. తొలకరికి నాటాలి, మొదటి ఏడాది చచ్చిన పిలకల చోట కొత్తవి పెట్టాలి. నీడలో రాదు, అది గుర్తుంచుకో. వాటి మధ్య కొండచీపురు, కిత్తనార, సీతాఫలం వంటివి వేసుకో. పెద్ద మాను అయ్యేది ఏదీ అంచుకు దగ్గరగా వద్దు.

రెండోది, నిలువు ముఖంలో అక్కడక్కడ మెత్తగా చివికిన మచ్చలు. అక్కడ వల కిందుగా కొబ్బరి పీచు చాప పరిచి గడ్డి గింజలు చల్లితే వస్తుంది. చాప రెండు మూడేళ్ళలో మట్టిలో కలుస్తుంది, ఈలోపు గడ్డి పాదుకుంటుంది. వట్టి బండ ఉన్నచోట ఏదీ నాటకు. నారు అమ్ముకునేదాన్నే చెబుతున్నాను, బండ మీద నారు డబ్బు దండగ.

మూడోది అడుగు. అక్కడ ఏమీ వద్దు, ఖాళీగా, శుభ్రంగా ఉంచు. పడిన రాయి కనబడాలి.

ఇంకొకటి. ఇప్పుడు పైన ఉన్న పొద లాంటానా అయి ఉంటుంది. పచ్చగా ఉంది కదా అని మురిసిపోకు. దాని నీడలో గడ్డి మొలవదు, కింద నేల బోడిగా కొట్టుకుపోతుంటుంది. పైగా ఏ పగులు కొత్తగా తెరుచుకుందో కనపడనివ్వదు.

#18 జువ్వి_నీడ

అక్కా, నారు అమ్మేవారే నారు వద్దనడం చూసి మీ నర్సరీ ఎక్కడో అడగాలనిపిస్తోంది.

#19 భూమిపొర

అందరూ ఇనుము, గడ్డి అంటున్నారు. #3లోని మూడో ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. మూడు మీటర్ల లోతు పగులు నీటితో నిండితే, పగులు పొడవునా ఒక్కో మీటరుకూ నాలుగున్నర టన్నుల బలంతో ఆ నీళ్ళు బండను బయటికి నెడతాయి. బీరువా రాయి బరువు ఎంత అనుకున్నాం? 2.6 టన్నులు. కొండకింద_ఇల్లు గారూ, పై నుంచి నీళ్ళు ఎటు పోతున్నాయో కనుక్కోండి. మీరు ఎక్కకండి, అటు వైపు నుంచి మెట్ల దారి ఉంటే ఆ దారిన పైకి వెళ్ళి అడగండి.

#20 తలకోన

అసలు ఆ కొండ ఎవరిది? మీ పట్టాలో లేకపోతే అనుమతి లేకుండా మేకు కొట్టలేరు కదా.

#21 కొండకింద_ఇల్లు

@తలకోన కొండ ప్రభుత్వానిది. ఒక కార్యాలయంలో అర్జీ ఇస్తే ఇంకో కార్యాలయానికి వెళ్ళమన్నారు, అక్కడి నుంచి మళ్ళీ మొదటిదానికే. నాలుగు నెలలు గడిచాయి. ఏడు ఇళ్ల సంతకాలతో మళ్ళీ ఇచ్చాం.

@భూమిపొర గారూ, మీరు చెప్పినట్టే నిన్న మెట్ల దారిన పైకి వెళ్ళాను. మా అంచుకు ముప్పై అడుగుల పైన మూడు ఇళ్ళు ఉన్నాయి. వాళ్ళ స్నానాల గదుల నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు ఒక గొట్టంలో వచ్చి పొదల్లో పడుతున్నాయి. అక్కడ గుంత లేదు, కాలువ లేదు. నీళ్ళు పడిన చోటే ఇంకిపోతున్నాయి. ఎండాకాలంలో కూడా మా రాతి ముఖం మీద ఒకచోట తడి చార కనిపించేది, ఊట అనుకుని మా అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టేది. అది ఊట కాదు.

ఆ ఇళ్లలో ఒకావిడ నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. కింద ఇళ్ళున్నాయని తెలుసు కానీ ఈ నీళ్ళు అటు వస్తాయని తెలియదని చెప్పి చాలా బాధపడింది. ఆమెను తప్పు పట్టలేను, నాకే తెలియలేదు.

ఇంకొకటి చూశాను. బీరువా రాయి వెనక పగులులో మణికట్టంత లావు రావి మొక్క ఉంది.

#22 సర్వే_గొలుసు

ఇదే మీ రోగం. ఏడాది పొడవునా పగులుకు నీళ్ళు పోస్తున్నారు, ఆ నీళ్ళు తాగి రావి పెరుగుతోంది, రావి పగులును వెడల్పు చేస్తోంది, వెడల్పైన పగులులో వాననీళ్ళు ఇంకా ఎక్కువ నిలుస్తున్నాయి. వలకు పెట్టే డబ్బులో మొదటి రూపాయి ఆ మూడు ఇళ్ల గొట్టం కోసం ఖర్చు పెట్టండి. మూసిన గొట్టంలో పక్కకు తీసుకెళ్ళి మెట్ల పక్క కాలువలో కలపండి. తరువాత అంచుకు కొన్ని మీటర్ల వెనక వాలుకు అడ్డంగా ఒక కాలువ, అడుగున సిమెంటు చేసినది, వాననీటిని కూడా పక్కకు తిప్పేలా.

రావిని పీకవద్దు. పీకితే దానితో పాటు రాయి కూడా వస్తుంది. మొదలు దగ్గర కోసి, మళ్ళీ చిగురించకుండా మోడుకు మందు పూయాలి. వేరు కుళ్ళాక పగులులో ఖాళీ మిగులుతుంది, దాన్ని సిమెంటు పాలతో నింపాలి. అది మేకుల పనితో కలిపి చేయించండి. ఆ రాయికి 25 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీలు, రాయి గుండా వెనకున్న గట్టి కొండలోకి మూడు నాలుగు మీటర్లు దిగాలి. ఎన్ని, ఏ కోణంలో అన్నది అక్కడికి వచ్చి చూసినవాళ్ళే చెప్పాలి. గట్టిపడ్డాక కొన్నిటిని యంత్రంతో లాగి చూపించమని అడగండి. లాగి చూపించడానికి ఒప్పుకోనివాడికి పని ఇవ్వకండి.

#23 కొండకింద_ఇల్లు

రావి కొట్టడానికి మాష్టారు ఒప్పుకోవడం లేదు. పాపం అంటున్నారు. మా అమ్మ కూడా.

#24 నారుమడి_అక్క

పెద్దవాళ్ళ మనసు నొప్పించి చెయ్యకు. కోసేముందు బలమైన కొమ్మలు రెండు మూడు తీసి పంపించు, వానాకాలంలో వేరు తొడుగుతాయి. నేను పెంచి మొక్క ఇస్తాను. గుడి దగ్గరో చెరువు గట్టు మీదో మాష్టారి చేతే నాటించు. చెట్టు చావలేదు, చోటు మారిందని ఆయనకు నువ్వే చెప్పు.

#25 కేకే_లైను

వదులు రాళ్ళు దింపే రోజు జాగ్రత్తలు రాసుకో బాబూ. వాన లేని రోజుల్లో, పగటి పూట. ఏడు ఇళ్ళూ ఖాళీ చేసి, వీధి రెండు వైపులా మూసి. మనుషులు పై నుంచి నడుముకు తాళ్ళతో దిగాలి, ఆ తాళ్ళు గట్టి రాతిలో దింపిన మేకులకే కట్టాలి, పొదలకు కాదు. పై నుంచి కిందికే పని, ఎప్పుడూ కింది నుంచి పైకి కాదు. ఒక మనిషి కింద మరో మనిషి ఉండకూడదు. గునపంతో తట్టితే గట్టి రాయి ఖంగుమంటుంది, వదులు రాయి డొల్లగా పలుకుతుంది. ఆ తేడా తెలిసిన మేస్త్రీని పెట్టుకో. వీధి కుర్రవాళ్ళు ఉత్సాహంతో ఎక్కుతామంటారు, ఒప్పుకోవద్దు. మా గ్యాంగులో ఒకతన్ని అలా పోగొట్టుకున్నాం.

#26 నిద్రలేని_తాడేపల్లి

ఇది చదివి మా అపార్టుమెంటు వెనక కొండ వైపు కిటికీ తెరిచి చూశాను. రెండు జువ్వి మొక్కలు కనిపించాయి. రేపు సంఘం సమావేశంలో ఈ దారం చదివి వినిపిస్తాను.

#27 కొండకింద_ఇల్లు

ఎనిమిది నెలల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

అనుమతి వచ్చింది. పై ఇళ్ల గొట్టం మొదట వేయించాం, మజ్జిగ ఇచ్చిన ఆవిడ కూడా తన వాటా ఇచ్చింది. పది రోజులకు తడి చార ఆరిపోయింది. అమ్మ ఇంకా ఆ చోటుకు పసుపు పెడుతూనే ఉంది, నేను వద్దనలేదు. మొదటి కాంట్రాక్టరు కాకుండా వేరేవాళ్ళను పెట్టుకున్నాం. మాఘమాసంలో రాళ్ళు దింపారు, మూడు ట్రాక్టర్లు నిండాయి. బీరువా రాయిని ఆరు కడ్డీలతో బిగించారు, రెండిటిని మా ముందే లాగి చూపించారు. రావి కొమ్మల్లో ఒకటి బతికింది, మాష్టారు దాన్ని కాలువ గట్టు మీద నాటి రోజూ నీళ్ళు పోసి వస్తున్నారు. తరువాత వల. అడుగును మాత్రం బిగించేయకుండా విప్పడానికి వీలుగా పెట్టమన్నాం, #8 వాళ్ళకు చదివి వినిపించాను.

వట్టివేరు జూన్‌లో నాటాం. మూడో వంతు చచ్చింది, అక్క మళ్ళీ నారు పంపారు. పోయిన వారం నాలుగు రోజులు ముసురు పట్టింది. మూడో రాత్రి వల వెనక గరగరమని చప్పుడైంది, అందరం లేచాం. తెల్లవారి చూస్తే అడుగున గంపెడు రాళ్ళు. గోడకు ఒక్కటి కూడా తగలలేదు.

#28 కేకే_లైను

ఆ గంపెడూ తీశావా?

#29 కొండకింద_ఇల్లు

ఆదివారం తీస్తున్నాం, ఇంటికొక మనిషి. ఆరో ఇంటాయన వల అడుగు తాళం చెవి తీసుకుని ఊరు వెళ్ళారు, ఆయన వచ్చాక.

#30 కేకే_లైను

తాళానికి ఇంకో చెవి చేయించి మీ ఇంట్లో పెట్టుకోండి. ఆదివారం దాకా ఆగకండి, రేపు మళ్ళీ వాన చెప్పారు.